ఏడు వారాలు, ఏడు కిలోల గుండు: పోలీసు ఈవెంట్స్‌లో బలం లెక్క

2022 అక్టోబర్ 21న తెలంగాణ కానిస్టేబుల్ ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చాయి. డిసెంబర్ 8న గ్రౌండ్లలో ఈవెంట్స్, అంటే పరుగు, గెంతు, విసురు లాంటి దేహదారుఢ్య పరీక్షలు, మొదలయ్యాయి. మధ్యలో ఉన్నది 48 రోజులు, అంటే ఏడు వారాలకు ఒక్క రోజు తక్కువ. అప్పటిదాకా రీడింగ్ రూముల్లో అరిథ్‌మెటిక్, రీజనింగ్ చేస్తూ కూర్చున్న వేలమంది ఒక్కసారిగా స్టేడియాలకు, కాలేజీ గ్రౌండ్లకు, ఊరి చివర తారురోడ్లకు పరుగు తీశారు.

నోటిఫికేషన్ మాట వినబడిన ప్రతిసారీ ఇదే దృశ్యం, ఇవే ప్రశ్నలు. జిమ్‌లో చేరాలా? బరువులెత్తితే కాళ్లు బిగుసుకుపోయి పరుగు దెబ్బతింటుందా? షాట్‌పుట్ గుండు ఐదు మీటర్లు దాటడం లేదు, అది బలం లేకనా, వాటం తెలియకనా? గ్రౌండ్‌లో పదిమందిని అడిగితే పది జవాబులు వస్తాయి. వాటిలో చాలావాటిలో కొంత నిజం ఉంది, అందుకే ఇంత గందరగోళం. పరీక్ష ఏం అడుగుతోందో, శరీరం దానికి ఎలా స్పందిస్తుందో విడివిడిగా చూస్తే చిక్కుముడి కొంత వదులవుతుంది.

పరీక్ష అడిగేది ఏమిటి

2022 తెలంగాణ నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, 4 మీటర్ల లాంగ్‌జంప్ చేయాలి, 7.26 కిలోల షాట్‌పుట్ గుండును 6 మీటర్లు విసరాలి. ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, లాంగ్‌జంప్ 2.5 మీటర్లు, 4 కిలోల గుండు 4 మీటర్లు. 2018లో మగవాళ్ల పరుగు 800 మీటర్లే. 100 మీటర్లు, హైజంప్ కూడా అప్పట్లో ఉండేవి, తర్వాత పోయాయి. లాంగ్‌జంప్ 3.8 మీటర్లు, గుండు 5.6 మీటర్లు ఉండేవి, అవి పెరిగాయి. అన్నలు, బావలు తమ బ్యాచ్ అనుభవంతో ఇచ్చే సలహా కొన్నిసార్లు ఎందుకు పొసగదో ఇక్కడే అర్థమవుతుంది. వాళ్లు రాసిన పరీక్ష వేరు.

ఆంధ్రప్రదేశ్ దారి ఇంకోటి. అక్కడ మగవాళ్లకు 1600 మీటర్లు 8 నిమిషాల్లో తప్పనిసరి. దాంతో పాటు 100 మీటర్లు 15 సెకన్లలో గానీ, 3.8 మీటర్ల లాంగ్‌జంప్ గానీ, రెండింటిలో ఒకటి దాటాలి. గుండు ఊసే లేదు.

ఇంకో తేడాను చాలామంది పట్టించుకోరు. సివిల్ కానిస్టేబుల్‌కు ఈవెంట్స్ గట్టు దాటడం లాంటివి: దాటితే చాలు, ఎంత ఎత్తు మీంచి దాటారన్నది ఎవరూ అడగరు. ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్), స్పెషల్ పోలీస్ లాంటి విభాగాల్లో మాత్రం ఈవెంట్స్‌కు మార్కులున్నాయి, అక్కడ ప్రతి సెకనూ ప్రతి సెంటీమీటరూ లెక్కే. కాబట్టి ‘ఎంత బలం కావాలి’ అన్న ప్రశ్నకు ఈ రెండు చోట్లా జవాబు ఒకటి కాదు.

ఇద్దరు అబ్బాయిల్ని ఊహించుకోండి. మొదటివాడు 1600 మీటర్లు 6 నిమిషాల 40 సెకన్లలో పూర్తిచేస్తాడు, గుండు 5.2 మీటర్ల దగ్గర పడుతుంది. రెండోవాడు గుండు 7 మీటర్లు విసురుతాడు, పరుగుకు 7 నిమిషాల 40 సెకన్లు పడుతుంది. సివిల్ పోస్టుకు ఇద్దరూ ఫెయిలే. మొదటివాడి దగ్గర మిగిలిన 35 సెకన్లు గుండు దగ్గర చెల్లవు. అయినా పొద్దున్నే వెళ్లి చూడండి, మొదటివాడు ఇంకా పరుగే తీస్తుంటాడు, రెండోవాడు గుండే విసురుతుంటాడు. వచ్చిన పనే చేయబుద్ధవుతుంది మనకు.

‘బలం’ అన్న ఒక్క మాటలో మూడు సంగతులు

వాడుకలో అన్నిటినీ బలమనే అంటాం. వ్యాయామ శాస్త్రం మూడింటిని విడదీస్తుంది. ఒకటి, కండరం ఒక్కసారికి పెట్టగలిగే గరిష్ఠ శక్తి. బియ్యం బస్తాను నేల మీంచి లేపడం లాంటిది, ఎంతసేపట్లో లేపారన్నది ముఖ్యం కాదు. ఇది బలం. రెండోది, ఆ శక్తిని ఎంత వేగంగా పెట్టగలరన్నది. దీన్ని పవర్ అంటారు. మూడోది, తక్కువ శక్తినే చాలాసేపు పెట్టగలగడం. మనవాళ్ల మాటలో చెప్పాలంటే దమ్ము.

లాంగ్‌జంప్‌లో ఎగిరే కాలు నేల మీద ఉండే సమయం సెకనులో ఐదో వంతు కూడా ఉండదు. కండరం తన గరిష్ఠ శక్తికి చేరడానికి అంతకంటే ఎక్కువ సమయమే పడుతుంది. అంటే మీకున్న బలమంతా బయటికి వచ్చేలోపే కాలు గాల్లో ఉంటుంది. జిమ్‌లో భారీ బరువుతో స్క్వాట్ చేసేవాడు గుంత దగ్గర తేలిపోవడానికి ఇదొక కారణం. అతనికి బలం ఉంది, దాన్ని వెంటనే తీసే అలవాటు లేదు.

1600 మీటర్లు దీనికి పూర్తిగా ఎదురు. ఏడు నిమిషాల పరుగులో ఖర్చయ్యే శక్తిలో 80 శాతానికి పైగా ఆక్సిజన్ సాయంతోనే వస్తుంది. అక్కడ పని గుండెకాయది, ఊపిరితిత్తులది, రక్తానిది. 7 నిమిషాల 15 సెకన్లను నాలుగు రౌండ్లకు పంచితే 400 మీటర్ల రౌండుకు దాదాపు 1 నిమిషం 49 సెకన్లు. గుంపుతో పాటు ఊపులో మొదటి రౌండు 85 సెకన్లలో కొట్టేసి, మూడో రౌండులో నడుం పట్టుకుని నడిచేవాళ్లు ప్రతి గ్రౌండ్‌లోనూ కనిపిస్తారు. వాళ్లలో చాలామందికి కొరత బలంలో లేదు, పంపకంలో ఉంది.

గుండు ఐదు మీటర్ల దగ్గరే ఎందుకు పడుతుంది

ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన ప్రక్షేపకం పాఠం పనికొచ్చే అరుదైన చోటు ఇది. గుండు ఎంత దూరం పడుతుందన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: చేయి వదిలినప్పటి వేగం, కోణం, ఎత్తు. అభ్యర్థి చేతి నుంచి 1.8 మీటర్ల ఎత్తులో గుండు వదులుతుందనుకుందాం. వేగం సెకనుకు 6 మీటర్లుంటే, కోణం సరిగ్గా కుదిరితే, అది 5.16 మీటర్ల దగ్గర పడుతుంది. అదే వేగం 10 శాతం పెరిగి 6.6 మీటర్లయితే 5.97 మీటర్లకు చేరుతుంది. పది శాతం వేగానికి దాదాపు 80 సెంటీమీటర్లు! బరువు మారలేదు, చేయి మారలేదు. వేగం పెరిగిన దానికంటే దూరం ఎక్కువ శాతం పెరుగుతుంది కాబట్టే కొద్దిపాటి మెరుగుదల కూడా కంటికి ఆనుతుంది.

కోణం దగ్గర ఇంకో అపోహ ఉంది. ‘45 డిగ్రీల్లో విసరాలి’ అని స్కూల్లో విన్నాం. అది నేల మీంచి బయల్దేరే వస్తువుకు. భుజం పైనుంచి వదిలే గుండుకు పై లెక్కలో సరైన కోణం 35, 37 డిగ్రీల మధ్య వస్తుంది. మనిషి శరీరం నిటారుగా పైకి కంటే ముందుకు ఎక్కువ బలంగా నెట్టగలదు కాబట్టి అసలు కోణం ఇంకాస్త తక్కువే ఉంటుంది. ఆకాశంలోకి విసిరి ‘బలం చాలట్లేదు’ అనుకునేవాళ్లు కొందరు నిజానికి బలాన్ని ఎత్తులో పారబోసుకుంటున్నారు.

మరి ఆ వేగం ఎక్కడి నుంచి వస్తుంది? చేతి నుంచే అనుకుంటే పొరపాటు. పాదం నేలను తన్నడంతో మొదలై మోకాలు, తుంటి, నడుం మీదుగా భుజానికి చేరి, చివర్లో చేతివేళ్ల దాకా వచ్చే గొలుసు అది. క్రికెట్ బంతిలా చేత్తో విసిరితే గొలుసులో చివరి రెండు లంకెలే పనిచేస్తాయి. అందుకే సన్నగా ఉన్న కుర్రాడు వాటం తెలిసి 6 మీటర్లు దాటించడం, కండలు తిరిగినవాడు 5.5 దగ్గర ఆగిపోవడం రెండూ జరుగుతాయి. అలాగని వాటమే సర్వస్వం అనడమూ సరికాదు. 7.26 కిలోల బరువు మెడ దగ్గర పెట్టుకున్నప్పుడే మోచేయి జారిపోయేవాడికి ఏ వాటమూ నిలవదు. మొదట ఆ బరువు చేతికి తేలిగ్గా అనిపించాలి, అందుకు కావలసింది బలమే.

48 రోజుల్లో మారేది, మారనిది

కొత్తగా బరువులెత్తడం మొదలుపెట్టినవాళ్లు రెండు మూడు వారాల్లోనే ‘బలం పెరిగింది’ అంటారు. అద్దంలో చూస్తే మాత్రం తేడా ఉండదు. ఇది భ్రమ కాదు. తొలి వారాల్లో మారేది కండరం కాదు, దాన్ని నడిపే నరాల వ్యవస్థ. ఉన్న కండరపు పోగుల్లో ఇంకా ఎక్కువవాటిని ఒకేసారి పిలవడం మెదడు నేర్చుకుంటుంది. కండరం పరిమాణం చెప్పుకోదగ్గంత పెరగడానికి ఆపైన ఇంకా వారాలు పడుతుంది. కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులు, ఎముకలు గట్టిపడటం అన్నిటికంటే నెమ్మది, దాని లెక్క నెలల్లో ఉంటుంది.

ఏడు వారాల గడువుకు ఈ క్రమం ఒక మంచి మాట, ఒక చెడ్డ మాట చెబుతుంది. గుండుకు, జంప్‌కు కావలసిన నరాల నేర్పు ఆ గడువులో అందుతుంది. కానీ పిక్క ఎముక ఆ వేగాన్ని అందుకోలేదు. దమ్ము పెరిగింది కదా అని రోజూ సిమెంటు రోడ్డు మీద దూరం పెంచుకుంటూ పోతే మూడో నాలుగో వారంలో మోకాలి కింద ముందువైపు నొప్పి మొదలవుతుంది. గ్రౌండ్‌లో ‘షిన్ పెయిన్’ అని అందరూ చెప్పుకునేది ఇదే. ఊపిరి ముందు పరుగెత్తింది, ఎముక వెనకబడింది. ఎముక మీద నొక్కితే ఒకే చోట సూదిలా పొడిచే నొప్పి అయితే అది సన్నని పగులు కూడా కావచ్చు. పెయిన్ కిల్లర్ వేసుకుని పరుగెత్తితే పోయేది కాదది.

ఆంధ్రలో దీనికి పూర్తిగా విరుద్ధమైన చిక్కు వచ్చింది. అక్కడ ప్రిలిమ్స్ 2023 జనవరి 22న జరిగితే, ఈవెంట్స్ 2024 డిసెంబర్ 30న గానీ మొదలు కాలేదు. దాదాపు రెండేళ్లు! రెండేళ్ల పాటు ఎవరూ ఒకే పదునుతో ఉండలేరు. ఆపేస్తే ముందు పోయేది దమ్ము, రెండు మూడు వారాల్లోనే తగ్గుదల కనిపిస్తుంది. బలం అంతకంటే నెమ్మదిగా కరుగుతుంది, వారానికి ఒకటి రెండు సార్లు చేసినా చాలావరకు నిలుస్తుంది. కూలికో, డెలివరీ పనికో వెళ్తూ ఎదురుచూసినవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు.

బరువులెత్తితే పరుగు పడిపోతుందా

ఈ భయం గాల్లోంచి పుట్టలేదు. 1980లో అమెరికా పరిశోధకుడు రాబర్ట్ హిక్సన్ మూడు గుంపుల్ని పది వారాలు గమనించాడు. ఒక గుంపు బరువులే ఎత్తింది, ఒకటి దమ్ము వ్యాయామాలే చేసింది, ఒకటి రెండూ చేసింది. రెండూ చేసిన గుంపులో బలం ఏడో వారం దాకా పెరిగి, అక్కడ ఆగి, చివరి వారాల్లో తగ్గింది. అయితే చాలామంది ఈ కథను తలకిందులుగా చెబుతారు. దెబ్బతిన్నది బలమే, దమ్ము కాదు. ఊపిరి సామర్థ్యం ఆ గుంపులోనూ చక్కగా పెరిగింది. పైగా వాళ్లు వారానికి ఐదు రోజులు బరువులు, ఆరు రోజులు దమ్ము వ్యాయామాలు చేశారు. అంత భారం మోస్తే ఎక్కడో ఒకచోట తెగుతుంది.

1999లో ఫిన్లాండ్‌లో పావోలైనెన్ బృందం చేసిన అధ్యయనం ఇంకో వైపు చూపించింది. అనుభవమున్న రన్నర్ల శిక్షణ గంటలు పెంచకుండానే, వాటిలో దాదాపు మూడో వంతును గెంతులు, చిన్న పరుగులు, తక్కువ బరువుతో వేగంగా చేసే వ్యాయామాలకు మార్చారు. తొమ్మిది వారాల తర్వాత వాళ్ల 5 కిలోమీటర్ల సమయం మెరుగైంది. విశేషమేంటంటే ఊపిరి సామర్థ్యాన్ని చెప్పే వీవోటూ మ్యాక్స్ మారలేదు. అదే ఊపిరితో ఎక్కువ దూరం పోగలిగారు, కారులో మైలేజీ పెరిగినట్టు.

అయినా ఫిన్లాండ్ రన్నర్లకు వర్తించింది మన అభ్యర్థికి అలాగే వర్తించాలని లేదు. వాళ్లకు ఏళ్ల తరబడి పరుగు అలవాటు. ఆరు నెలలుగా కుర్చీలో కూర్చున్నవాడికి 1600 మీటర్లలో ఎక్కువ లాభం పరుగు నుంచే వస్తుంది. పరుగు మానేసి జిమ్‌కు వెళ్లడాన్ని ఈ రెండు అధ్యయనాల్లో ఏదీ సమర్థించదు.

శరీరం బరువు సంగతి మాత్రం నిజమైన బేరం. ఒక కిలో బరువును ఒక కిలోమీటరు పరుగెత్తించడానికి దాదాపు ఒక కిలో క్యాలరీ ఖర్చవుతుంది. 1600 మీటర్లకు 80 కిలోల మనిషికి 128, 74 కిలోల మనిషికి 118. ఆ ఆరు కిలోలు పరుగులో మోత. గుండు దగ్గర అవే ఆరు కిలోలు, కండరమైతే, ఆసరా. పొట్ట దగ్గరి కొవ్వయితే రెండు చోట్లా మోతే.

జిమ్ పక్షం, గ్రౌండ్ పక్షం

గ్రౌండ్ పక్షం వాదన తేలిగ్గా తీసేయదగింది కాదు. శరీరం ఏది చేస్తే అందులోనే ఆరితేరుతుంది, పరీక్షలో అడిగేది పరుగు, గెంతు, విసురు, కాబట్టి అవే చేయాలి అంటారు వాళ్లు. జిమ్ ఫీజు నెలకు వెయ్యో రెండు వేలో పెట్టలేని ఇళ్ల పిల్లలే ఎక్కువ. దండీలు, గుంజీలు, ఇసుకలో గెంతులు, ఒకరినొకరు మోసుకుంటూ నడవడం, వీటితో బలం పెరగదని ఎవరూ అనలేరు. ఉత్తరాంధ్ర ఊళ్లలో సంగిడీ రాళ్లెత్తిన తాతలకు జిమ్ తెలియదు. కలియుగ భీముడనిపించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు ఆ నేల మనిషే.

జిమ్ పక్షం చెప్పేది కొలత గురించి. బలం పెరగాలంటే భారం కొంచెం కొంచెంగా పెరుగుతూ ఉండాలి. ఇనుప కడ్డీకి రెండున్నర కిలోల బిళ్ల తగిలిస్తే ఎంత పెరిగిందో తెలుస్తుంది. దండీల్లో అది తెలియదు. ఇరవై దండీలు వచ్చాక యాభైకి పోతే పెరిగేది ఎక్కువగా దమ్మే, గుండుకు కావలసిన గరిష్ఠ బలం కాదు. ఈ మాటా నిజమే. నాకు తోచినంతవరకు ఈ గొడవలో అసలు విషయం చోటు కాదు, భారం పెరుగుతోందా లేదా అన్నది. ఇసుక నింపిన బస్తాకు కూడా రెండు కిలోలు కలపొచ్చు.

అమ్మాయిల విషయంలో గొడవ ఇంకో రకం. బరువులెత్తితే మగరాయుడిలా అయిపోతారన్న మాట ఇంట్లోనే వినబడుతుంది. కండలు పెరగడంలో టెస్టోస్టిరాన్‌ది పెద్ద పాత్ర. ఆడవాళ్లలో అది చాలా తక్కువ కాబట్టి కొన్ని నెలల శిక్షణతో ఆ మార్పు రాదు. బలం మాత్రం శాతం లెక్కన మగవాళ్లతో సమానంగానే పెరుగుతుంది. ఎప్పుడూ బరువు పట్టని చేతికి 4 కిలోల గుండు దగ్గర తొలి నెలలో కనిపించే తేడా పెద్దది. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలెత్తి ఒలింపిక్ కాంస్యం తెచ్చి పాతికేళ్లయినా ఈ మాట చెప్పుకోవాల్సి వస్తోంది.

డబ్బా పౌడరు, మీల్‌మేకరు

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. 60 కిలోల అభ్యర్థికి అది 50 గ్రాములు. బలం కోసం శిక్షణ చేసేవాళ్లకు కిలోకు 1.6 గ్రాముల వరకు లాభముంటుందని వ్యాయామ పరిశోధకులు చెబుతారు, అంటే 96 గ్రాములు. నాలుగు గుడ్లు 24, అర లీటరు పాలు 16, రెండు కప్పుల పప్పు 15, యాభై గ్రాముల మీల్‌మేకర్ 25, రోజంతా తినే అన్నం, రొట్టెల నుంచి ఓ 18. మొత్తం 98. డబ్బా తెరవకుండానే అందింది. అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో ప్రొటీన్ పౌడర్ల జోలికి వెళ్లకపోవడమే మేలంది. హాస్టల్ మెస్‌లో నీళ్ల పప్పుతో బతికేవాళ్లకు ఈ 98 అంత తేలిక కాదు, పౌడరు పక్షం వాళ్లు అనేదీ అదే.

ఈ కొలత ఉద్యోగానిదేనా

రైల్వే గ్రూప్-డిలో మగవాళ్లు 35 కిలోల బరువుతో, ఆడవాళ్లు 20 కిలోల బరువుతో, కింద పెట్టకుండా 100 మీటర్లు 2 నిమిషాల్లో నడవాలి. ట్రాక్ మీద చేసే పనికి అది నకలు. అటవీ బీట్ ఆఫీసర్‌కు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్ల నడక, ఆడవాళ్లకు 16. అదీ పనిలో భాగమే. కానిస్టేబుల్ గుండు విసిరే సందర్భం డ్యూటీలో రాదు. ఇలాంటి పరీక్షను సమర్థించేవాళ్లు, ఇది పనికి నకలు కాదు, ఒంట్లో పవర్ ఎంతుందో చెప్పే సూచిక, పైగా వేలమందిని ఒకే తీరుగా, టేపుతో, చిప్‌తో కొలవచ్చు, పైరవీకి తావుండదు అంటారు. ఎదుటి వాదన కెనడా కోర్టుకెక్కింది. అడవి మంటలార్పే ఉద్యోగంలో అప్పటికే పనిచేస్తున్న టానీ మియోరిన్ అనే మహిళ 11 నిమిషాల్లో 2.5 కిలోమీటర్ల పరుగును 49 సెకన్ల తేడాతో అందుకోలేక ఉద్యోగం కోల్పోయింది. ఆ పరుగు ఆ పనికి తప్పనిసరి అని ప్రభుత్వం రుజువు చేయలేకపోయిందని 1999లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

గట్టు ఎత్తు ఎంత పెట్టాలన్నది ప్రాణం మీదికీ రావచ్చు. 2024 ఆగస్టులో జార్ఖండ్ ఎక్సైజ్ కానిస్టేబుల్ పరీక్షలో మగవాళ్లకు గంటలో 10 కిలోమీటర్ల పరుగు పెట్టారు. పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయాక పరుగు కొన్నాళ్లు ఆపారు, ఆ తర్వాత నిబంధనే మార్చి 1600 మీటర్లకు తెచ్చారు.

మన దగ్గరా గట్టు ఒకే ఎత్తులో లేదు. మధిరలో ఉండే అమ్మాయి తెలంగాణ ఈవెంట్స్‌కు 800 మీటర్లు పరుగెత్తి గుండు విసరాలి. సరిహద్దు దాటితే నందిగామలో ఉండే అమ్మాయి 1600 మీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేయాలి, గుండు మాత్రం ముట్టుకోనక్కర్లేదు. ఇద్దరూ పొద్దున్నే ఐదింటికే లేస్తారు. ఒకరికి భుజం నొప్పి, ఇంకొకరికి పిక్క నొప్పి.